బిలియర్డ్స్‌ను ఆఖరున నిలబెట్టిన మీ వరస గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ క్రీడల పేజీలో క్యూతో, అంటే బంతిని కొట్టే పొడవాటి కర్రతో, ఆడే ఆటలన్నిటినీ వరసగా నిలబెట్టి, ఏది ఎంత కష్టం, ఏది ఎంత వినోదం అని మార్కులు వేశారు. కష్టంలో స్నూకర్‌ను, వినోదంలో పూల్‌ను మొదట నిలిపారు. బిలియర్డ్స్‌ను మాత్రం రెండింటిలోనూ ఆఖరుకు నెట్టి, "ముసలివాళ్ల కాలక్షేపం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నగరంలోని ఒక పాత క్లబ్బులో నేను 1979 నుంచి 2017 వరకు మార్కర్‌గా పనిచేశాను. మార్కర్ అంటే తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ఆట సాగుతున్నంతసేపూ టేబుల్ పక్కన నిలబడి పాయింట్లు పైకి చెప్పేది మార్కర్. టేబుల్ అంచున ఉండే జేబులో, అంటే రంధ్రంలో, పడిన బంతిని తీసి దాని చోట పెట్టేది, చేయి అందని షాటుకు రెస్ట్ కర్ర అందించేది కూడా అతనే. పొద్దున్నే టేబుల్ గుడ్డను బ్రష్‌తో దువ్వి ఇస్త్రీ చేయడం అన్నిటికంటే ముఖ్యమైన పని. ఆ ఉన్ని గుడ్డ మీద ఒకవైపుకు వాలిన సన్నని నూగు ఉంటుంది. బ్రష్ అయినా ఇస్త్రీ పెట్టె అయినా బాక్ గీత (టేబుల్ ఒక కొస దగ్గర అడ్డంగా గీసిన గీత) వైపు నుంచి నల్లబంతి ఉండే కొసకే నడవాలి. ఎదురు దువ్వితే నూగు చెదిరి, సాయంత్రం ఎవరో ఎంతో ఆలోచించి మెల్లగా తోసిన బంతి దారి తప్పుతుంది. జులైలో ముసురు పట్టిందంటే గుడ్డ తేమ పీల్చుకుంటుంది. ఏప్రిల్ ఎండల్లో మూడు కుషన్లు (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు అంచులు) తాకి వచ్చిన బంతి అప్పుడు రెండో కుషన్ దగ్గరే నీరసపడుతుంది. ఈ తేడాలన్నీ ముందుగా తెలిసేది మార్కర్‌కే. ఆడినవాళ్లకు తమ గెలుపోటములు గుర్తుంటాయి. నాకు మాత్రం ఎవరు ఏ షాటు దగ్గర తప్పారో గుర్తుంటుంది. ముప్ఫై ఎనిమిదేళ్లు నేను చూసింది అదే.

స్నూకర్ కష్టం గురించి మీ వ్యాసకర్త చెప్పింది నిజమే. టేబుల్ పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఆరు. బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. జేబు మూతి దగ్గర కుషన్ గుండ్రంగా వంగి ఉంటుంది కాబట్టి, బంతి అంచుకు కాస్త గట్టిగా తగిలినా అటూ ఇటూ కొట్టుకుని బయటికే వస్తుంది. పూల్ టేబుల్ తొమ్మిది అడుగులది. బంతి కొంచెం పెద్దది, 57 మిల్లీమీటర్ల పైచిలుకు. జేబు మూతి బంతికి తగ్గట్టు వెడల్పుగా, అంచులు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంటాయి. అక్కడ అంచును తాకిన బంతి చాలాసార్లు లోపలికే పోతుంది. కాబట్టి బంతిని జేబులో వేయడం ఒక్కటే కష్టానికి కొలత అయితే స్నూకర్‌దే పైచేయి. అందులో నాకు పేచీ లేదు.

అయితే పూల్‌ను వినోదానికి పరిమితం చేయడం అన్యాయం. ఈ మాట నాకు నేర్పింది నా మనవరాలు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన దసరా సెలవుల్లో నన్ను హిమాయత్‌నగర్‌లోని ఒక పార్లర్‌కు తీసుకెళ్లింది. ముందు ఎనిమిది బంతి ఆట ఆడాం. నిండు రంగు బంతులు ఒకరివి, చారల బంతులు ఇంకొకరివి. ఎవరి ఏడు వారు ముగించి, చివర నల్లని 8 వేయాలి. చూసేవారికి ఒక్క నిమిషంలో అర్థమయ్యే ఆట. తర్వాత ఆమె తొమ్మిది బంతులు పేర్చింది.

"తాతయ్యా, ఇందులో తొమ్మిదే ఉన్నాయని తేలిక అనుకోవద్దు. టేబుల్ మీద ఏది చిన్న సంఖ్య అయితే ముందు దాన్నే తాకాలి" అంది.

ఆ ఒక్క నియమంలో ఎంత బిగింపు ఉందో అరగంటలో తెలిసింది. స్నూకర్‌లో ఎరుపు పడగానే ఆరు రంగుల్లో దేన్నయినా ఎంచుకోవచ్చు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉంటుంది. తొమ్మిది బంతి ఆటలో ఆ వెసులుబాటు లేదు. 1 వేసేటప్పుడే తెల్లబంతి, అంటే క్యూతో కొట్టే బంతి, 2 దగ్గరికి చేరాలి, అదీ 3 వైపు తిరగడానికి వీలుండే పక్కనే చేరాలి. జానెడు అటు జరిగితే వరస మొత్తం చెదిరిపోతుంది. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్ రేయెస్ 1999లో ప్రపంచ తొమ్మిది బంతి విజేత అయ్యారు. చిన్నతనంలో ఆయన మనీలాలో బంధువు నడిపే పూల్ హాలులో పనులు చేస్తూ, రాత్రిళ్లు ఆ టేబుళ్ల మీదే నిద్రపోయేవారు. ఆయన ఆడే వీడియోలు నా మనవరాలు ఫోనులో చూపించింది. అడ్డంగా ఇంకో బంతి ఉన్నప్పుడు తెల్లబంతిని కుషన్ల మీదుగా తిప్పి తాకించే ఆయన పద్ధతి చూశాక, పూల్ తేలిక అని అనడానికి నాకు నోరు రాదు.

జేబులే లేని టేబుల్ మీద ఆడే మూడు కుషన్ల కారమ్ గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. మన ఇళ్లల్లో ఆడే క్యారమ్స్ కాదిది. మూడే బంతులు. తన బంతి మిగిలిన రెండింటినీ తాకాలి. రెండోదాన్ని తాకే లోపు కనీసం మూడుసార్లు కుషన్‌కు తగలాలి. తేమ చేరకుండా ఆ టేబుల్ కింది రాతి పలకను వేడి చేసి ఉంచుతారు. ప్రపంచ స్థాయి ఆటగాళ్ల సగటు కూడా ఒక్కో వంతుకు రెండు పాయింట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మనవైపు ఆ టేబుల్ నేను చూడలేదు, ఫోనులో చూసిందే. కష్టానికి మార్కులు వేసే వ్యాసంలో దానికి చోటు దక్కాల్సింది.

ఇక బిలియర్డ్స్. స్నూకర్ టేబుల్ మీదే మూడు బంతులతో ఆడతారు. ఎరుపు ఒకటి, ఆటగాళ్లకు చెరొకటి. తన బంతితో మిగిలిన రెండింటినీ తాకితే క్యానన్, రెండు పాయింట్లు. ఎరుపును జేబులో వేస్తే మూడు, ఎదుటివారి బంతిని వేస్తే రెండు. స్నూకర్‌లోనూ పూల్‌లోనూ తన బంతి జేబులో పడితే ఫౌల్. ఇక్కడ అలా కాదు. ఎరుపును తాకి పడితే మూడు పాయింట్లు, ఎదుటి బంతిని తాకి పడితే రెండు. దీన్నే ఇన్-ఆఫ్ అంటారు. ఎదుటివారి బంతిని జేబులో వేస్తే వారి వంతు వచ్చేవరకు అది పైకి రాదు. అంటే రెండు పాయింట్ల కోసం క్యానన్ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. అందుకే తెలిసినవారు సులువుగా పడే ఎదుటివారి బంతిని కూడా చాలాసార్లు వదిలేస్తారు. చూసేవారికి అది చేతకానితనంలా కనిపిస్తుంది.

మా క్లబ్బులో ఒక వైద్యుడు ఉండేవారు. రోజూ సాయంత్రం ఆరింటికి ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చేవారు. ఎరుపు మీద మధ్య జేబులోకి ఇన్-ఆఫ్ ఆయనకు ఇష్టమైన షాటు. ఆయన బంతి ఎరుపును తాకి జేబులోకి పోయేది. ఎరుపు పై కుషన్ దాకా వెళ్లి, తిరిగి టేబుల్ నడిమికి వచ్చి, ఇంతకుముందు ఉన్న చోటుకు బెత్తెడు దూరంలో ఆగేది. నేను జేబులోంచి బంతి తీసి ఇచ్చేవాణ్ని, ఆయన దాన్ని బాక్ గీత దగ్గరి అర్ధవృత్తంలో పెట్టుకుని మళ్లీ అదే షాటు కొట్టేవారు. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు అని నేను పైకి చెబుతూ పోయేవాణ్ని. ఒకరోజు ఒక సభ్యుడి కొడుకు, పదేళ్లుంటాయేమో, చాలాసేపు చూసి నా దగ్గరికి వచ్చాడు.

"ఆ అంకుల్ ఒకే షాటు ఎందుకు కొడుతున్నారు? వేరేవి రావా?" అని అడిగాడు.

వాడి తప్పేం లేదు. వాడు జేబులో పడుతున్న బంతినే చూస్తున్నాడు. ఆట అంతా ఎరుపులో ఉంది. ఆ ఎరుపు ప్రతిసారీ అదే చోటుకు రావాలంటే కొట్టిన వేగంలో, తాకిన మందంలో వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. వైద్యుడు వెళ్లిపోయాక ఎరుపు బంతి ఆగే చోట సుద్దతో చిన్న గుర్తు పెట్టి వాడిచేత కొట్టించాను. ఇరవై సార్లు కొట్టాడు. బంతి జేబులో పడింది నాలుగుసార్లు. ఎరుపు గుర్తు దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. మర్నాటి నుంచి వైద్యుడు ఆడుతుంటే వాడి చూపు ఎరుపును వదిలేది కాదు.

కష్టం వేరు, కష్టం కనబడటం వేరు. మీ వ్యాసం ఈ రెండింటినీ కలిపేసింది. స్నూకర్‌లో పొడవాటి షాటు కష్టం గ్యాలరీలో చివరి వరసలో కూర్చున్నవారికీ కనిపిస్తుంది. బిలియర్డ్స్‌లో గొప్ప ఆటగాడు ఆడేకొద్దీ షాట్లు తేలికవుతాయి, బంతులు దగ్గరవుతాయి, చూసేవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. నైపుణ్యం పెరిగేకొద్దీ కంటికి కనిపించేది తగ్గిపోతుంది. ఈ ఆటకు శాపం అదే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1907లో ఇంగ్లండ్‌లో టామ్ రీస్ అనే ఆయన రెండు బంతులను మూల జేబు మూతి దగ్గర ఇరికించి, తన బంతితో వాటిని తాకుతూ, తాకుతూ 4,99,135 పాయింట్ల దాకా వెళ్లారు. అయిదు వారాలు పట్టింది. ఆ పద్ధతిని నిషేధించారు. ఆస్ట్రేలియాకు చెందిన వాల్టర్ లిండ్రమ్ 1932లో లండన్‌లో ఒకే వంతులో 4137 పాయింట్లు చేశారు. అవతల కుర్చీలో కూర్చున్నది సామాన్యుడు కాదు, జో డేవిస్. ఆ దెబ్బతో ఆడేవారి బంతి మధ్యమధ్య బాక్ గీత దాటి తీరాలని నియమం తెచ్చారు. ఆ డేవిసే 1927 నుంచి 1946 వరకు పదిహేనుసార్లు ప్రపంచ స్నూకర్ విజేతగా నిలిచి, జనాన్ని ఆ ఆట వైపు తిప్పారు. లిండ్రమ్ అంత గొప్పగా ఆడకపోయి ఉంటే బిలియర్డ్స్ ఇంకొంతకాలం జనంలో నిలిచేదేమో అని నాకు చాలాసార్లు అనిపించింది.

దీనికి ఎదురుగా 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్‌ను పెట్టి చూడండి. స్టీవ్ డేవిస్ మొదట్లో ఎనిమిది ఫ్రేములు (పోటీలో ఒక్కో ఆటను ఫ్రేము అంటారు) వరసగా గెలిచారు. డెనిస్ టేలర్ ఒక్కొక్కటిగా తిరిగి సంపాదించుకుంటూ వచ్చి 17-17 చేశారు. చివరి ఫ్రేము 68 నిమిషాలు సాగింది, ఆఖరి నల్లబంతి మీద తేలింది. ఇద్దరూ దాన్ని తప్పారు, మళ్లీ తప్పారు. డేవిస్‌కు దొరికిన షాటు మా క్లబ్బులో మామూలు సభ్యుడు కూడా వేయగలిగిందే. అది తప్పింది. టేలర్ వేశారు. అర్ధరాత్రి దాటాక కూడా బ్రిటన్‌లో 1.85 కోట్లమంది టీవీల ముందు కూర్చున్నారు. ఆ ఆట వేసిన బంతుల వల్ల గుర్తుండలేదు, తప్పిన బంతి వల్ల గుర్తుంది. రోనీ ఓ సలివన్ 1997లో అయిదు నిమిషాల పైచిలుకులో 147, అంటే స్నూకర్‌లో ఒకే వంతులో సాధించే నిండు స్కోరు, ముగించారు. దాన్ని నేను కనీసం యాభైసార్లు చూశాను, ఎంతో అందమైన ఆట. అయినా అందులో "ఏమవుతుందో" అన్న గుబులు లేదు. వినోదానికి మూలం ఆ గుబులే అని నా అభిప్రాయం.

అసలు స్నూకర్‌కు ఆ పేరు వచ్చిందే ఒక తప్పిన బంతి వల్ల. 1875లో జబల్‌పూర్‌లో, వానాకాలంలో, బ్రిటిష్ సైనికాధికారులు బిలియర్డ్స్ టేబుల్ మీద రంగు బంతులు చేర్చి కొత్త ఆట మొదలుపెట్టారు. సైనిక విద్యాలయంలో కొత్తగా చేరిన కుర్రాణ్ని అప్పట్లో స్నూకర్ అని పిలిచేవారు. ఒకరు సులువైన బంతి తప్పితే నెవిల్ చాంబర్లీన్ అనే యువ అధికారి ఆయన్ని ఆ మాటతో పిలిచారు. తర్వాత, ఈ ఆటకు మనమంతా స్నూకర్లమే అంటూ సర్దిచెప్పారు. పేరు నిలిచిపోయింది. మన నేల మీద పుట్టిన ఆట ఇది. మీ వ్యాసంలో దాన్ని ఇంగ్లండ్ ఆట అని రాశారు, దయచేసి సవరించండి.

"ముసలివాళ్ల కాలక్షేపం" అన్న మాటకు వస్తాను. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యారు. వ్యక్తిగత క్రీడల్లో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. మైకేల్ ఫెరీరా మూడుసార్లు ఆ టైటిల్ తెచ్చారు. గీత్ సేథీ 1992 ప్రపంచ ప్రొఫెషనల్ పోటీలో ఒకే వంతులో 1276 పాయింట్లు చేశారు. పంకజ్ అద్వానీ 2005లో మాల్టాలో టైమ్ పద్ధతిలోనూ (నిర్ణీత సమయం ఆడేది) పాయింట్ల పద్ధతిలోనూ (నిర్ణీత పాయింట్ల దాకా ఆడేది) ప్రపంచ బిలియర్డ్స్ గెలిచేనాటికి ఇరవై ఏళ్ల దరిదాపుల్లో ఉన్న కుర్రాడు. ఈ దేశానికి ఇన్ని ప్రపంచ టైటిళ్లు తెచ్చిన ఆటను ఆఖరున నిలబెట్టేటప్పుడు ఈ పేర్లలో ఒక్కటైనా రాయవలసింది. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బిలియర్డ్స్ గది చూసి వచ్చేవారు ఆ టేబుల్ పక్కన ఫొటోలు దిగుతారు. దాని మీద మూడు బంతులతో ఏ ఆట ఆడేవారో వారిలో ఎంతమందికి తెలుసు?

ఆట కనబడేలా చేయడం ఎవరి పని అంటే, కొంత ఆటగాళ్లది, ఎక్కువ భాగం చెప్పేవారిది. 2016 జులైలో ఇండియన్ ఓపెన్ స్నూకర్ మన హైటెక్స్ పక్కన హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగింది. ఆంథొనీ మెక్‌గిల్ ఫైనల్‌లో కైరెన్ విల్సన్‌ను 5-2తో ఓడించారు. మరుసటి ఏడాది ఆ పోటీ విశాఖపట్నం వెళ్లింది. హెచ్‌ఐసీసీలో నేను ఒక పూట చూశాను. పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు కూర్చున్నారు. కాసేపటికి విసుగొచ్చి ఫోను చూసుకుంటున్నారు. ఒక ఆటగాడు ఎదురుగా ఉన్న ఎరుపును వదిలేసి, తెల్లబంతిని అవతలి కొసకు పంపి గోధుమ రంగు బంతి వెనక దాచారు.

"ఎదురుగా ఉన్నది ఎందుకు వదిలేశారండీ?" అని ఆయన అడిగారు.

"అది పడినా తర్వాత ఏ రంగూ అందదు. తప్పితే మాత్రం గుంపంతా అవతలివారికి అప్పజెప్పినట్టే. ఇప్పుడు అవతలి ఆయన ఎరుపును ఎలా తాకుతారో చూడండి" అన్నాను.

ఆయన ఫోను జేబులో పెట్టేశారు. తర్వాత గంటసేపు ముందుకు వంగి కూర్చుని, ప్రతి సేఫ్టీ షాటుకూ నా వైపు తిరిగి "ఇదీ దాచడమేనా?" అని అడుగుతూనే ఉన్నారు. అక్కడ మారింది ఆట కాదు, ఆయనకు దొరికిన రెండు వాక్యాలు.

ఆ రెండు వాక్యాలే మీ పత్రిక నుంచి కోరుతున్నాను. క్యూ ఆటల వార్త వచ్చినప్పుడల్లా ఫలానా వారు ఫలానా వారిని ఇంత తేడాతో ఓడించారని ఒక మూల వేసి వదిలేస్తున్నారు. క్రికెట్‌కు ఏ ఓవర్లో మలుపు తిరిగిందో రాస్తారు కదా. ఇక్కడ కూడా ఏ ఫ్రేములో, ఏ బంతి దగ్గర ఆట తిరిగిందో ఒక్క వాక్యం చేర్చండి. ఆదివారం అనుబంధంలో చదరంగం సమస్య వేసినట్టే టేబుల్ బొమ్మ వేసి, మూడు బంతులు పెట్టి, "ఇక్కడ మీరు ఏం కొడతారు?" అని అడగండి. జవాబు మరుసటి వారం ఇవ్వండి. బొమ్మలు గీసివ్వడానికి నేను సిద్ధం. నలభై దాకా ఇప్పటికే గీసి ఉంచాను. డబ్బు అక్కర్లేదు.

నగరంలో పార్లర్లు నడిపేవారికి కూడా ఒక విన్నపం. పెద్ద టేబుల్ ఉన్న ప్రతిచోటా మూడు బిలియర్డ్స్ బంతులు బీరువాలో కాకుండా బయట పెట్టండి. స్నూకర్ ఆడే పిల్లలు వారానికి ఒక గంట వాటితో ఆడితే, తెల్లబంతి ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించడం వారికి అలవాటవుతుంది. హిమాయత్‌నగర్ పార్లర్ యజమానిని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. నా దగ్గరున్న పాత సెట్టు అక్కడే ఇచ్చి వచ్చాను.

బుధవారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా అక్కడ పెద్ద టేబుల్ ఖాళీగా ఉంటుంది. నేనూ నా మనవరాలూ వెళుతున్నాం. ఆమె ఇంకా ఇన్-ఆఫ్ దగ్గరే ఉంది, ఎరుపు గుర్తు నుంచి ఒక అడుగు పక్కన ఆగుతోంది. ఆ వ్యాసం రాసినవారు ఒక బుధవారం వస్తే చాలా సంతోషిస్తాను. క్యూ తెచ్చుకోనక్కర్లేదు, అక్కడే ఉంటుంది. పాయింట్లు నేను చెబుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బిలియర్డ్స్ మార్కర్,
చిక్కడపల్లి, హైదరాబాద్